అక్క ఊరి మురుగు

మా అక్క మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పడానికి నాకు నోరు రాదు.

మా ఇద్దరికీ ఏడాదిన్నర తేడా. ఆ ఏడాదిన్నర నన్ను జన్మంతా వెంటాడింది. తాడేపల్లిగూడెం పక్కన మా పుట్టింటి పెరట్లో ఒక రాగి కాగు ఉండేది. అమ్మ పొద్దున్నే దాని కింద కొబ్బరి మట్టలు ఎగదోసి నీళ్లు కాచేది. పెద్దది కాబట్టి ముందు అక్క పోసుకునేది. మిగిలిన నీళ్లు నావి. అక్కకి పొట్టివైపోయిన లంగాలు నావి. అక్క చదివేసిన పుస్తకాలు, పక్కన ఖాళీల్లో అక్క వేసిన పువ్వుల బొమ్మలతో సహా నావి. ఏ పేజీ తిప్పినా నాకంటే ముందు అక్క వచ్చి వెళ్లినట్టుండేది. బళ్లో మేష్టారైతే నా పేరు కూడా గుర్తుపెట్టుకోలేదు. "దాని చెల్లెలు, ఇలా రా" అనేవారు.

పెళ్లయితే ఈ పీడ వదులుతుందనుకున్నాను. అక్కని ఉంగుటూరు వైపు కాలవగట్టు మీది ఊరికిచ్చారు. కళ్ల ముందు వరిచేలు, ఇంటి ముందు బస్సు. నన్ను దానికి దిగువన, కొల్లేటి అంచునున్న ఊరికిచ్చారు. రెండూళ్లకీ మధ్య ఆటోలో పావుగంట. అక్కచెల్లెళ్లిద్దరూ దగ్గర్లోనే ఉంటారని నాన్న మురిసిపోయారు. ఎంత దగ్గరో పాపం ఆయనకీ తెలియదు.

కాపరానికి వచ్చిన మొదటి వేసవిలో ఒక సాయంత్రం మా పెరటి వెనక కోడులోంచి గుప్పుమని కంపు కొట్టింది. చేలల్లో మిగులు నీళ్లని తీసుకెళ్లి కొల్లేట్లో కలిపే మురుగు కాలవని మా వైపు కోడంటారు. ఇదేం వాసనండీ అని మా అత్తగారినడిగాను. ఆవిడ అంట్లు తోముతూ తలెత్తకుండానే చెప్పారు.

"మీ అక్కగారి ఊరి నీళ్లేనమ్మా. వేసవికి కాలవల్లో నీళ్లు కట్టేశాక ఇందులో పారేది వాళ్ల మురుగేగా."

చిన్నప్పుడు అక్క పోసుకోగా మిగిలిన నీళ్లు నాకొచ్చేవి. పెళ్లయ్యాక పోసుకున్న నీళ్లే రావడం మొదలయ్యాయి. నా రాత అలా ఉంది.

వాసన ఒక్కటే అయితే ముక్కు మూసుకుని బతికేయొచ్చు. మా ఆయనకి పెరటిని ఆనుకుని చిన్న చేపల చెరువుంది. బొచ్చె, శీలావతి వేస్తారు. మాకున్న ఆధారం అదే. కోడు నుంచి చెరువులోకి ఒక తూము. మిగతా కాలమంతా అందులో చేల నీళ్లు వస్తాయి, బాధ లేదు. వేసవిలో మాత్రం ఆ మురుగు తప్ప వేరే నీళ్లుండవు. అది మరీ చిక్కగా దిగిన రోజు, తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఊపిరికి కొట్టుకుంటూ ఉంటాయి. ఆ దృశ్యం చూసిన పూట మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కోడు నాకు అక్క కబుర్లు మోసుకొచ్చేది. అక్క ఇల్లు వాళ్ల ఊరికి దిగువ చివర, మురుగు ఊరు దాటే చోట. వీధి వీధంతా షాంపూ పొట్లాల్లోకి దిగిపోయినా అక్క మాత్రం కుంకుడుకాయలు కొట్టుకుని తలంటుకుంటుంది. శుక్రవారం సాయంత్రానికి కుంకుడు పిప్పి తేలుకుంటూ మా తూము దగ్గరికి వచ్చేది. ఓహో, మహారాణిగారి తలంటు అయిందన్నమాట అనుకునేదాన్ని. పసుపు నీళ్లు దిగితే వాళ్లింట్లో శుభకార్యం. బంతిపూల రేకులొస్తే పూజ. వేపాకు వచ్చిందంటే ఎవరికో అమ్మవారు పోసి స్నానం చేయించారని లెక్క. అక్క నాకు ఫోను చేసి చెప్పేలోపే నాకన్నీ తెలిసిపోయేవి. తెలిసినట్టు ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలోనైనా అక్కకి తెలియనిది నాకు తెలుసు కదా అని ఉండేది.

ఇలా ఉండగా అక్క ఊళ్లో మురుగు శుద్ధి చేసే మడి కట్టారు. ఏలూరు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చి దగ్గరుండి కట్టించింది. ఊరి మురుగంతా ముందు ఒక తొట్టిలోకి చేరుతుంది. చెత్తా జిడ్డూ అక్కడ ఆగిపోతాయి. తర్వాత పొడుగాటి కంకర మడి. అందులో మెట్టతామర, జమ్ము నాటారు. కంకర సందుల్లోంచి, ఆ మొక్కల వేళ్లలోంచి మెల్లగా నడిచి అవతల గుంటలో పడేసరికి నీళ్లు తేటపడతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. మడి బాగోగులు చూసే పని మహిళా సంఘానికిచ్చారు. ఆ సంఘానికి పెద్ద ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక చూడండి. బంధువుల్లో ఎవరింటికెళ్లినా అక్క మడి గురించే. మెట్టతామర పువ్వులు ఎర్రగా ఎంత బాగా పూశాయో, ముక్కు మూసుకునే చోట ఇప్పుడు పిల్లలు ఎలా ఆడుకుంటున్నారో, అక్కగారి తెలివే తెలివట. విని విని నా చెవులు తుప్పు పట్టాయి. అందరూ ఒక ఎత్తు, మా ఆయన ఒక ఎత్తు. ఆ వేసవి చివర్లో ఒకరోజు చెరువుగట్టు మీద నిలబడి తృప్తిగా అన్నారు.

"మీ అక్కగారి పుణ్యమా అని ఈ ఏడు ఒక్క చేప తేల్లేదే."

ఏళ్ల తరబడి తెల్లారకముందే లేచి, మోకాలి లోతు బురదలో దిగి, ఆ తూముకడ్డం పడ్డ చెత్త తీసింది నేను. నాకేనాడూ పుణ్యం అంటలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. నా చేతి పులుసుకి రాని మెప్పు అక్క ఊరి మురుగుకి వచ్చింది. ఆ రాత్రి ఆయనకి పులుసులో ఉప్పు కాస్త ఎక్కువే పడింది.

మరుసటి వేసవి, కాలవలు కట్టేసిన కొత్తలో, అక్క ఫోను చేసింది. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరుగారు మడి చూడ్డానికి వస్తున్నారట. పనికి మనుషులు చాలట్లేదు, ఒకరోజు ముందుగా రమ్మంది. వెళ్లకూడదనుకున్నాను. వెళ్లకపోతే అక్క అక్కడ ఎంత వెలిగిపోతుందో నాకు తెలియదు కదా. అందుకని వెళ్లాను.

మా వైపు ఆఫీసర్లొస్తున్నారంటే ఏ ఊళ్లోనైనా రెండు పనులు జరుగుతాయి. రోడ్డుకి రెండు పక్కలా సున్నం గీతలు గీస్తారు, కాలవల్లో బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. తెల్లగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టు. తాతల నాటి నుంచీ ఇదే లెక్క. నేను వెళ్లేసరికి వీధంతా ముగ్గేసినట్టుంది. అక్క చెంగు బొడ్లో దోపుకుని మడి గట్టు మీద నిలబడి ఊరి ఆడవాళ్లందరికీ పనులు పురమాయిస్తోంది.

"ఆ రాళ్లకి పాచి చూశావటే. నల్లగా, జిగురుగా. పెద్దాయన దీన్ని చూస్తే మనం మడిని గాలికొదిలేశామనుకోరూ?" అంది నన్ను చూడగానే.

పై కంకరంతా తట్టల్లోకెత్తి, గుంట దగ్గర కుప్పపోసి, కొబ్బరి పీచుతో రాయి రాయీ తోమాం. చెరువులో నాచూ గుర్రపుడెక్కా కనిపిస్తే పీకి పారేసే చేతులు మావి. జమ్ముని మొదలంటా కోసేశాం. రాళ్లు మళ్లీ పరిచి, పైన అక్క స్వయంగా బ్లీచింగ్ చల్లింది, పిండి జల్లించినంత శ్రద్ధగా. నేను అందరికంటే గట్టిగా తోమాను. అక్క కంటే ఎక్కువ రాళ్లు నా పక్కన పోగయ్యేలా చూసుకున్నాను.

"మీ చెల్లెలుగారు భలే పనిమంతురాలండీ" అంది ఒకావిడ.

"చిన్నప్పట్నుంచీ నేనేగా నేర్పింది" అంది అక్క.

ఆ మెప్పు కూడా అటే వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసరుగారితో పాటు ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది. జీపు దిగి మడి వంక చూసిన ఆ పిల్ల మొహం పాలిపోయింది. మెల్లగా అక్క పక్కకి చేరింది. నేను వెనకే ఉన్నాను కనుక వినబడింది.

"ఇవన్నీ ఎవరు కడిగించారండీ?"

"మేమేనమ్మా. అద్దంలా లేదూ?"

"ఆ పాచేనండీ మురుగుని తినేది. అందులో కంటికి కనపడని పురుగులుంటాయి. అవి పెరగడానికే ఏడాది పట్టిందండీ. బ్లీచింగ్ పడితే ఇంకేం బతుకుతాయి?"

అక్క ఏదో అనబోయింది. ఈలోపు ఆఫీసరుగారు ఇటు తిరిగి, ఇంత పరిశుభ్రమైన మడి తానెక్కడా చూడలేదన్నారు. చప్పట్లు కొట్టారు. అక్కకి నీలం శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. శాలువాలో అక్క, పక్కన తెల్లటి రాళ్లు, చచ్చిపోయిన మడి. అది చచ్చిందని ఆ గుంపులో తెలిసింది ముగ్గురికే. నాకు మాత్రం కళ్ల ముందు ఆ శాలువాయే కనబడింది. ఎండకి ఒళ్లంతా మండుతోందని సర్దిచెప్పుకున్నాను కానీ నేను నిలబడింది చింతచెట్టు నీడలో.

వారం తిరక్కుండా కోడు మళ్లీ కంపు కొట్టింది. దాచడమెందుకు, నాకు సంతోషమేసింది. మా వీధిలో అందరూ ముక్కులు మూసుకుంటే నేను పెరట్లో నిలబడి నిండా గాలి పీల్చుకున్నాను. శాలువా కప్పుకున్న మనిషి మడి ఇలా ఏడ్చింది అనుకున్నాను. అన్నం కూడా ఓ ముద్ద ఎక్కువే తిన్నాను.

ఆ సంతోషం తెల్లారేదాకా కూడా నిలవలేదు.

"ఏవే, ఇలా రా" అని చెరువుగట్టు మీంచి మా ఆయన పిలుపు. గొంతు బట్టే అర్థమైంది. వెళ్లేసరికి చెరువంతా నోళ్లు. కొన్ని అప్పటికే వెల్లకిలా తిరిగాయి. ఆయన తూము మూసేసి, ఇంజను పెట్టి చెరువు నీళ్లనే తోడి మళ్లీ చెరువులోకే చిమ్మించారు, కాస్త గాలి తగులుతుందని. తూము మూస్తే ఎండకి నీళ్లు ఇంకిపోతాయి. తెరిస్తే ఈ మురుగు. కాలవలకి నీళ్లు వదలడానికి ఇంకా బోలెడు రోజులుంది. అప్పటిదాకా ఈ చెరువుని ఎలా నిలబెట్టాలో ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. అక్క ఓడిపోవాలని కోరుకున్నాను, నిజమే. ఆ ఓటమి పారుకుంటూ వచ్చి నా చెరువులోనే పడుతుందని ఆలోచించలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అక్క ఆటో దిగింది. ఇంట్లోకి రాకుండా నేరుగా పెరటి వెనక్కి నడిచి, తూము దగ్గర నిలబడింది.

"ఇక్కడిదాకా వస్తోందా ఈ వాసన?" అంది.

"ఎప్పుడూ వస్తుంది. నువ్వడగడం ఇప్పుడు" అన్నాను.

అక్క తూము మొదట్లో ఉన్న రాళ్ల వైపు చూపించింది. గట్టు కోసుకుపోకుండా మా మామగారు ఎప్పుడో పోయించిన రాళ్లవి. వాటిని ఎవరూ ఏనాడూ కడగలేదు. నల్లగా, జిగురుగా, వేలెడు మందాన పాచి. వాటి చుట్టూ నడుమెత్తు జమ్ము.

"ఇంజనీరమ్మాయి చెప్పిందే. మడి దానంతటది కోలుకోవాలంటే చాలా కాలం పడుతుందట. ఎక్కడైనా పాత మురుగులో నానిన రాళ్లు, వేళ్లతో సహా జమ్ము తెచ్చి వేస్తే, వాటినుంచి అంటుకుని తొందరగా లేస్తుందట. పాలల్లో తోడేసినట్టు. నాకు నీ తూము గుర్తొచ్చింది. నీ గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఈ రాళ్ల మీదేగా జారిపడ్డాను."



నా దగ్గరున్నది కావాలని అక్క అడగడం నా జీవితంలో అదే మొదలు. ఇవ్వకపోతే నా చెరువు పోతుంది. ఇస్తే మడి లేస్తుంది, అక్కకి రెండో శాలువా వస్తుంది. ఏది ఎక్కువ బాధో అక్కడే నిలబడి తూచుకున్నాను. చెరువే బరువు తూగింది, కానీ కాస్తలో.

"ఇన్నాళ్లూ నువ్వు వాడేసినవన్నీ నాకొచ్చేవి. ఇప్పుడు నా దగ్గర పాచిపట్టినవి నువ్వు తీసుకెళ్తావా?" అన్నాను.

"తీసుకెళ్తాను. అందుకేగా వచ్చాను" అంది అక్క.

నిజానికి ఆ పాచి పెరిగింది అక్క ఊరి మురుగు తాగే. ఆ మాట అక్క నోట వచ్చి ఉంటే ఒక్క రాయి కూడా ఇచ్చేదాన్ని కాదు. అక్క అనలేదు.

"ఒక మాట. నేనే వచ్చి వేస్తాను. మీ ఊరివాళ్లెవరూ చెయ్యి పెట్టకూడదు. మళ్లీ కడుగుతారు."

"కడగనివ్వనే తల్లీ. నా మీద ఒట్టు."

గోనెసంచుల్లో రాళ్లు, బురదతో సహా జమ్ము దుబ్బులు ఎక్కించేసరికి ఆటో అబ్బాయి మొహం అదోలా పెట్టాడు.

"ఆయ్, బండి కంపెక్కిపోద్దండి."

"కడుక్కోవచ్చులే నాయనా" అంది అక్క.

"నీకు అన్నిటికీ కడుక్కోవడమే" అన్నాను.

మడిలో దిగి ఎక్కడ ఏ రాయి పెట్టాలో ఇంజనీరమ్మాయి చెబుతుంటే నేనే పెట్టాను. దుబ్బులు నేనే నాటాను. అక్క తట్ట మోసుకుంటూ నా వెనక నడిచింది. ఊరి ఆడవాళ్లందరూ గట్టు మీంచి చూశారు. నేను కావాలనే నిదానంగా చేశాను. పనయ్యాక అక్క మడి చుట్టూ ముళ్లకంప వేయించింది, ఎవరూ పీచు పట్టుకుని దిగకుండా.

మడి లేచింది. కొంచెం కొంచెంగా కోడులో కంపు తగ్గింది. మా ఆయన ముందు కాస్త, తర్వాత పూర్తిగా తూము తెరిచారు. కొన్ని చేపలు పోయాయి కానీ చెరువు నిలబడింది. ఈసారి ఆయన ఎవరి పుణ్యమనీ అనలేదు. అందామని నోరు తెరిచి, నా మొహం చూసి ఊరుకున్నారు.

ఇంకా కాలవలు వదలలేదు. ఒక శుక్రవారం సాయంత్రం తూము దగ్గర చెత్త తీయడానికి వెళ్లాను. తీయడానికి చెత్త లేదు. నీళ్లలో అడుగు మట్టి కనబడుతోంది. కాసేపు అలాగే నిలబడ్డాను. ఏదో రావాలన్నట్టు ఎదురుచూస్తున్నానని ఆలస్యంగా తెలిసింది. కుంకుడు పిప్పి రాలేదు. రాదు కూడా, అది పైన తొట్టిలోనే ఆగిపోతుంది. నిరుడూ రాలేదు. నిరుడు ఏడుపులో నాకు తీరిక లేక గమనించలేదు. చేత్తో నీళ్లు తీసి వాసన చూశాను. ఏమీ లేదు. అందులో అక్క ఎక్కడా లేదు.

ఇంట్లోకొచ్చి ఫోను చేశాను. బావగారు తీశారు.

"పడుకుందమ్మా. మూడు రోజుల్నుంచీ జ్వరం. ఇప్పుడు తగ్గింది. నువ్వు కంగారు పడతావని చెప్పొద్దంది. ఇక్కడ ఊరంతా వచ్చి చూసి వెళ్తున్నారులే, ఏం లోటు లేదు. పక్కింటావిడ పూటపూటా జావ కాచి తెస్తోంది."

ఆ పక్కింటావిడ మీద నాకు పుట్టిన కడుపుమంట ఇంతా అంతా కాదు. అక్క మీద కూడా ఏనాడూ అంత పుట్టలేదు. ఊరంతటికీ తెలుసట. అందరూ చూశారట. కోడు కంపు కొట్టే రోజుల్లో అయితే శుక్రవారం పిప్పి రాకపోతేనే నాకు అనుమానం వచ్చేది. అక్క మంచం పట్టిందని జావ తెచ్చే ఆవిడతో పాటే నాకూ తెలిసేది.

మర్నాడు తెల్లారగానే ఆటో ఎక్కాను. అక్క చిక్కిపోయి వసారాలో కూర్చునుంది. జ్వరం విడిచింది, తలంటుకోవాలంది. పక్కింటావిడ పోస్తానందట. అవసరం లేదు, నేనున్నానన్నాను. పెరట్లోకెళ్లి పొయ్యి ముట్టించాను. పుట్టింటి రాగి కాగు అక్కడే ఉంది. అది కూడా అక్కకే వచ్చింది మరి. కుంకుడుకాయలు కొట్టి నానేశాను.

"దుమ్ములో పడి వచ్చావు. ముందు నువ్వు పోసుకోవే" అంది అక్క.

రెండోసారి అనిపించుకోలేదు. ఇన్నేళ్లకి ఆ కాగులో ముందు చెంబు ముంచింది నేను. ఒంటి మీద పోసుకునేసరికి వణుకొచ్చింది.

"ఇవేం నీళ్లే, చన్నీళ్లలా ఉన్నాయి" అన్నాను తడిక చాటునుంచి.

"ముందు పోసుకుంటే అంతేనే. అప్పుడే ఎక్కడ కాగుతాయి? రెండోవాళ్లకి బాగుంటాయి" అంది అక్క, ఎప్పట్నుంచో తెలిసిన సంగతి చెప్పినట్టు.

చీర చుట్టుకుని వచ్చి అక్కకి తలంటాను. అప్పటికి నీళ్లు పొగలు కక్కుతున్నాయి. కుంకుడు నురగ గుమ్మం పక్క కాలవలో పడి మడి వైపు వెళ్లిపోయింది. కాగులో అడుగు నీళ్లు కూడా వంచి అక్క తల మీద పోశాను. ఆ వేడి నీళ్లన్నీ అక్కకే పోయాయి. పోనీలే అనుకున్నాను. చిన్నప్పుడు రోజూ నేనేగా పోసుకుంది.